పాత హారర్ సినిమాల్లో కెమెరా ఎక్కడ నిలబడుతుంది?

రోమన్ పొలాన్‌స్కీ తీసిన 'రోజ్‌మెరీస్ బేబీ' (1968)లో ఒక చిన్న సీను ఉంది. పక్కింటి పెద్దావిడ ఫోన్ చేసుకోవడానికి పడకగదిలోకి వెళ్తుంది. కెమెరా మాత్రం గది బయటే ఉండిపోతుంది. తెరిచిన తలుపులోంచి, మంచం మీద కూర్చున్న ఆవిడ వీపు కొంచెం కనిపిస్తుంది. ముఖమూ ఫోనూ ద్వారబంధం చాటున ఉంటాయి. కెమెరామన్ విలియం ఫ్రేకర్ మొదట ఆవిడ బాగా కనిపించేలాగే కెమెరా పెట్టారు. పొలాన్‌స్కీ దాన్ని పక్కకు జరిపించారు. ఎందుకు జరిపించారో ఫ్రేకర్‌కు థియేటర్లో తెలిసింది. ఆ సీను రాగానే హాల్లో జనం సీట్లలో పక్కకు వంగారు, తలుపు అవతల ఏముందో చూద్దామని. ఎంత వంగినా తెర మీది తలుపు వెనక ఏమీ కనబడదని అందరికీ తెలుసు. అయినా వంగారు.

ఆ సీనులో దెయ్యం లేదు, రక్తం లేదు, అరుపు లేదు. ఒకావిడ ఫోన్ మాట్లాడుతోంది, అంతే. హారర్ సినిమాల గురించి మాట్లాడేటప్పుడు "చూపించకపోతేనే భయం ఎక్కువ" అని తేలిగ్గా అనేస్తారు. అందులో సగమే నిజం. ప్రతి సినిమా చూపించకుండా వదిలేసేవి బోలెడు ఉంటాయి. పక్కవీధిలో ఏం జరుగుతోందో చూపించలేదని ఎవరూ భయపడరు. ముందు చూడాలన్న ఆత్రం పుట్టాలి. ఆ తర్వాత చూపుకు ఏదో అడ్డు రావాలి, అదీ కొద్దిగానే. పూర్తిగా మూసేస్తే ఆత్రం చల్లారిపోతుంది, పూర్తిగా తెరిస్తే తీరిపోతుంది. ద్వారబంధం చాటున సగం వీపు కనిపించడంలో ఉన్న కిటుకు అదే. ప్రేక్షకుడి కంటికి పని పడుతుంది. పాత హారర్ సినిమాల్లో మళ్లీ మళ్లీ చూడదగ్గవన్నీ ఈ పనిని జాగ్రత్తగా అప్పజెప్పినవే.

మూకీల కాలంలోనే దీనికి మంచి పునాది పడింది. ఎఫ్. డబ్ల్యూ. మూర్నా 1922లో తీసిన 'నోస్ఫెరాటు'లో పిశాచం మెట్లెక్కి వస్తుంది. కెమెరా చూపించేది గోడ మీద దాని నీడను మాత్రమే. వంగిన వీపు, పొడుగాటి గోళ్లు, మెట్టు మెట్టుకూ సాగిపోయే చేయి. అప్పటికి రెండేళ్ల ముందు వచ్చిన 'ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి'లో నీడల్ని సెట్టు గోడల మీద రంగులతోనే వేశారు. ఆ లోకం మొత్తం వంకరటింకరగా ఉంటుంది కాబట్టి అది పీడకల అని మొదటి నిమిషంలోనే అర్థమవుతుంది. మూర్నా మాత్రం కెమెరాను నిజమైన వీధుల్లోకి, నిజమైన కోటలోకి పట్టుకెళ్లారు. ఇల్లు మామూలు ఇల్లే, మెట్లు మామూలు మెట్లే. వాటి మీద పడిన నీడ ఒక్కటే అక్కడిది కాదు. నీడ కనిపించిందంటే ఆ మనిషి ఫ్రేమ్‌కి పక్కనే ఉన్నాడన్నమాట. ఎంత దూరంలో ఉన్నాడో మాత్రం తెలియదు. ఫ్రేమ్ అంచుకు అవతల కూడా కథ నడుస్తోందని ప్రేక్షకుడికి నేర్పిన షాట్లలో ఇది తొలి వరసలో ఉంటుంది.

డబ్బు లేకపోవడం కూడా ఈ విద్యకు మేలే చేసింది. 1940లలో ఆర్‌కేఓ స్టూడియో, హారర్ సినిమాల విభాగాన్ని నిర్మాత వాల్ ల్యూటన్ చేతికి ఇచ్చింది. షరతులు గట్టివి. ఒక్కో సినిమా లక్షన్నర డాలర్ల లోపు అయిపోవాలి, 75 నిమిషాలు దాటకూడదు, పేరు స్టూడియోనే నిర్ణయిస్తుంది. 'క్యాట్ పీపుల్' (1942) అలా వచ్చిన పేరే. దర్శకుడు జాక్ టూర్నర్, కెమెరామన్ నికొలాస్ ముసురాకా. ఆ డబ్బుతో చిరుతగా మారే అమ్మాయిని నమ్మేలా చూపించడం కష్టం. అందుకని వాళ్లు వెలుగునీడల మీదే ఆధారపడ్డారు.

అందులో ఆలిస్ అనే అమ్మాయి రాత్రిపూట పార్కు గోడ పక్కన ఒంటరిగా నడిచే సీను ఇప్పటికీ సినిమా విద్యార్థులకు పాఠమే. వీధిదీపాల కింద అక్కడక్కడా వెలుతురు, మధ్యలో చీకటి. ఆలిస్ ఒక వెలుగులోంచి నడిచి చీకట్లోకి వెళ్తుంది. వెనకాల, చిరుతగా మారే అమ్మాయి ఇరీనా అదే వెలుగులోకి వస్తుంది. ఒకసారి ఈమె, ఒకసారి ఆమె, మళ్లీ ఈమె. రెండు జతల హైహీల్స్ చప్పుడు. కాసేపటికి కట్టింగ్‌లో ఒక లయ ఏర్పడుతుంది, ఆలిస్ తర్వాత ఇరీనా రావాలని కన్ను అలవాటుపడుతుంది. అప్పుడు ఇరీనా రావడం మానేస్తుంది. రెండో చప్పుడు ఆగిపోతుంది. ఖాళీ దారి, ఖాళీ వెలుగు. ఇంతవరకూ వెంటాడినప్పటి కంటే, వెంటాడటం ఆగిపోయినప్పుడే టెన్షన్ రెట్టింపవుతుంది. ఆలిస్ నడక పరుగవుతుంది. ఆ బిగువు తెగే క్షణంలో బుస్సుమంటూ ఒక సిటీ బస్సు ఫ్రేమ్‌లోకి దూసుకొచ్చి ఆగుతుంది.

ఆ తర్వాత ల్యూటన్ బృందం ఇలాంటి ఉలికిపాటును 'బస్సు' అనే పిలుచుకుంది. ఇప్పుడు జంప్ స్కేర్ అంటున్నది దాని సంతానమే. కానీ తర్వాతి తరాల్లో చాలామంది బస్సును తీసుకుని నడకను వదిలేశారు. చప్పున వచ్చే శబ్దానికి ఎవరైనా ఉలిక్కిపడతారు, అది శరీరం చేసే పని. అంతకు ముందు ఆలిస్ వెంట నడిపించి, ఒక లయ అలవాటు చేసి, దాన్ని తెంచడం దర్శకుడి పని. రెండోది లేకుండా మొదటిది ఎన్నిసార్లు చేసినా సినిమా అయిపోయాక ఏమీ మిగలదు.

ల్యూటన్ దగ్గర దర్శకుడైన రాబర్ట్ వైజ్, దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత 'ది హాంటింగ్' (1963) తీశారు. అందులో దెయ్యం ఒక్కసారి కూడా కనిపించదు. ఇంటినే దెయ్యంలా చూపించడానికి వైజ్‌కు ఇంకా వైడ్‌గా చూపే లెన్స్ కావాల్సి వచ్చింది. కెమెరాలూ లెన్స్‌లూ చేసే పానావిజన్ కంపెనీ దగ్గర 30 మిల్లీమీటర్ల లెన్స్ ఒకటి ఉంది కానీ, అది ఇంకా సరిగ్గా కుదరలేదు, గీతలు వంగుతున్నాయి. వైజ్‌కు కావాల్సింది ఆ వంపే. లోపం సంగతి తెలిసే తీసుకుంటున్నానని సంతకం చేసి మరీ దాన్ని తెచ్చుకున్నారు. గోడలు కాస్త ఒరిగినట్టు, వరండా చివర ఎక్కడో మెలికపడినట్టు కనిపించడం వెనక ఉన్నది ఆ లెన్సే. చూసేవాళ్లు ఇదీ తేడా అని వేలు పెట్టి చూపలేరు. ఏదో సరిగ్గా లేదని మాత్రం అనిపిస్తూనే ఉంటుంది.

ఆ సినిమాలో మరో సీను దగ్గర కాసేపు ఆగాలి. కథానాయిక ఎలినార్ రాత్రి మంచం మీద పడుకుని ఉంటుంది. అవతలి నుంచి గొణుగుడు, ఏడుపు వినిపిస్తుంటాయి. కెమెరా గోడ వైపు చూస్తుంది. గోడ మీద లతలూ ఆకులూ చెక్కిన డిజైన్. కెమెరా అక్కడి నుంచి కదలదు. గోడను అంతసేపు ఎందుకు చూపిస్తున్నారో అర్థం కాక కన్ను దాన్ని వెతకడం మొదలుపెడుతుంది. కాసేపటికి ఆ ఆకుల మధ్య రెండు గుంతలు కళ్లలా, ఒక గీత నోరులా కనిపిస్తాయి. ఎవరూ ముఖం అని చెప్పలేదు. వెలుతురు కాస్త మారుతుంది, అంతే. ఎలినార్ చీకట్లో స్నేహితురాలి చేయి గట్టిగా పట్టుకుంటుంది. దీపం వెలిగాక చూస్తే ఆ స్నేహితురాలు గదిలో దూరంగా, వేరే మంచం మీద ఉంటుంది. మరి ఇంతసేపూ పట్టుకున్న చేయి ఎవరిది? గోడను చూస్తూ ఉండిపోయిన ప్రేక్షకుడు, చూడాల్సిన చోటు వదిలేసి ఇంకెక్కడో చూశానని అప్పుడు గ్రహిస్తాడు. కంటికి ఒక పని ఇచ్చి, అసలు సంగతి మరో పక్కన నడిపించడం అంటే ఇదే.

అంతకు రెండేళ్ల ముందు బ్రిటన్‌లో జాక్ క్లేటన్ తీసిన 'ది ఇన్నొసెంట్స్' (1961)లో సమస్య ఇంకో రకం. ఫాక్స్ సంస్థ దాన్ని సినిమాస్కోప్‌లో తీయాలంది. ఒక ఇల్లు, ఇద్దరు పిల్లలు, వాళ్లను చూసుకునే ఒక టీచరమ్మ ఉండే కథకు అంత వెడల్పు తెర ఎందుకో క్లేటన్‌కు అర్థం కాలేదు. కెమెరామన్ ఫ్రెడీ ఫ్రాన్సిస్ ఉపాయం కనిపెట్టారు. ఫిల్టర్ల అంచులకు రంగు పూసి లెన్స్ ముందు పెట్టారు. దాంతో తెర మధ్యలో వెలుతురు ఉండి, అంచులకు పోయేకొద్దీ చీకటి కమ్ముతుంది. కొవ్వొత్తి పట్టుకుని, టీచరమ్మగా వేసిన డెబొరా కెర్ వరండాలో నడుస్తుంటే ఆ వెడల్పు తెర రెండు పక్కలా నల్లగా తెరుచుకుని ఉంటుంది. ఇబ్బందిగా మొదలైన వెడల్పే చివరికి ఆ సినిమాకు ప్రాణమైంది.

అందులోనే అన్నిటికంటే భయపెట్టే దృశ్యం పట్టపగలు వస్తుంది. కొలను అవతల రెల్లు దుబ్బుల మధ్య నల్లబట్టల్లో ఒక స్త్రీ నిలబడి ఉంటుంది. కదలదు, బెదిరించదు. దూరం నుంచే చూపిస్తారు. మామూలుగా ఇలాంటిచోట క్లోజప్ వేసి సంగీతం పెంచేస్తారు. ఇక్కడ ఆ దూరమే పట్టి ఉంచుతుంది. ముఖం పోల్చుకోవాలని కన్ను గుచ్చి చూస్తుంది, పోల్చుకోలేదు. అసలు అక్కడ ఎవరైనా ఉన్నారా, లేక ఆ టీచరమ్మ ఊహా అన్నది సినిమా చివరిదాకా తేలని ప్రశ్న. దగ్గరికి వెళ్లి ఉంటే ఆ ప్రశ్న అక్కడే చచ్చిపోయేది.

ఇక హిచ్‌కాక్ తీసిన 'సైకో' (1960). బాత్‌రూమ్ హత్య గురించి ఇప్పటికే చాలా రాశారు: తెర మీద సుమారు 45 సెకన్లు, దానికోసం ఏడు రోజుల షూటింగ్, 70కి పైగా కెమెరా సెటప్‌లు. అది ఎడిటింగ్ ప్రతాపం, అందులో సందేహం లేదు. ఉత్కంఠ ఎలా కట్టాలో తెలుసుకోవాలంటే మాత్రం ఆ సినిమాలో మెట్ల సీను ఇంకా ఎక్కువ నేర్పుతుంది.

డిటెక్టివ్ ఆర్బోగాస్ట్ ఆ పెద్ద ఇంట్లోకి వెళ్లి టోపీ తీసి, నెమ్మదిగా మెట్లెక్కుతాడు. కెమెరా అతనికి ఎదురుగా, అతనితో పాటే వెనక్కి వెనక్కి పైకి పోతుంది. అందువల్ల అతని ముఖం కనిపిస్తుంది, అతను ఎటు వెళ్తున్నాడో కనిపించదు. ఒక్క చిన్న కట్: పైన ఒక తలుపు కొద్దిగా తెరుచుకుంటుంది, వెలుతురు గీతలా నేల మీద పడుతుంది. అది ఆర్బోగాస్ట్‌కు తెలియదు, మనకు తెలుసు. ఇక్కడ హిచ్‌కాక్‌కు ఒక చిక్కు ఉంది. హంతకురాలి ముఖం చూపించకూడదు. వీపు వైపు నుంచి చూపిస్తే కావాలనే దాస్తున్నారని ప్రేక్షకుడు పసిగట్టేస్తాడు. అందుకని కెమెరాను ఒక్కసారిగా సీలింగ్ దగ్గరికి తీసుకెళ్లారు. టాప్ యాంగిల్‌లో మెట్లూ, తలుపూ, తలుపులోంచి వడివడిగా వచ్చే ఆకారమూ మొత్తం పటంలా కనిపిస్తాయి. అన్నీ కనిపిస్తున్నట్టే ఉంటుంది కాబట్టి, కనిపించని ముఖం గురించి ఆలోచన రాదు. ఆ వెంటనే ఆర్బోగాస్ట్ ముఖం తెర నిండా క్లోజప్. పైనుంచి చిన్నగా కనబడిన మనిషి ఒక్క కట్‌తో అంత పెద్దవాడయ్యేసరికి, ఆ దెబ్బ కత్తి కంటే ముందు కంటికే తగులుతుంది. ఈ రెండు కారణాలూ హిచ్‌కాక్ తర్వాత ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోకు తానే వివరించారు. ఒకే షాట్‌తో రహస్యాన్ని దాచడం, రాబోయే దెబ్బకు దారి వేయడం రెండూ అయిపోయాయి. ఇంత పొదుపు హారర్‌లో అరుదు.

ఇదే సినిమాలో, బాత్‌రూమ్ హత్య తర్వాత మోటెల్ నడిపే నార్మన్ శవాన్ని కారులో పెట్టి ఊబిలోకి తోస్తాడు. కారు మునుగుతూ మునుగుతూ మధ్యలో ఆగిపోతుంది. కెమెరా కారునూ నార్మన్ ముఖాన్నీ మార్చి మార్చి చూపిస్తుంది, ఇంకేమీ చూపించదు. ఆ కొద్ది క్షణాలూ హాల్లో ప్రతి ఒక్కరూ కారు మునిగిపోవాలనే కోరుకుంటారు. హత్యను కప్పిపుచ్చేవాడి పక్షాన మనల్ని నిలబెట్టడానికి ఒక్క డైలాగు కూడా అవసరం కాలేదు. ఎవరి ముఖం చూస్తూ ఎదురుచూస్తామో వాళ్ల ఆదుర్దాయే మన ఆదుర్దా అవుతుంది.

ఆ సూత్రాన్ని జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' (1978)లో ఇంకా ముందుకు తీసుకెళ్లారు. సినిమా మొదలవుతూనే కెమెరా ఒక ఇంటి చుట్టూ తిరిగి, కిటికీలోంచి తొంగిచూసి, వంటింట్లో కత్తి అందుకుని, మెట్లెక్కి, ముసుగు వేసుకుని హత్య చేస్తుంది. సుమారు నాలుగు నిమిషాలు ఒకే షాట్‌లా సాగుతుంది, నిజానికి మధ్యలో దాచిన కట్‌లు ఉన్నాయి. మనిషి ఒంటికి తగిలించుకుని నడిచినా బొమ్మ కుదపకుండా చూసే పరికరం స్టెడీకామ్‌కు పోటీగా పానావిజన్ చేసిన పానాగ్లైడ్‌తో కెమెరామన్ డీన్ కుండీ బృందం దీన్ని తీసింది. ముసుగు తీశాక కనిపించేది ఆరేళ్ల పిల్లాడి ముఖం.

ఈ షాట్‌ను అందరూ మెచ్చుకుంటారు కానీ, దాని అసలు ఫలితం తర్వాతి గంటన్నరలో ఉంది. ఒకసారి కెమెరా హంతకుడి కన్నని తెలిశాక, ఆపైన కెమెరా కదిలిన ప్రతిసారీ అనుమానం వస్తుంది. పట్టపగలు అమ్మాయిలు స్కూలు నుంచి నడిచి వస్తుంటారు, కెమెరా వాళ్ల వెంట మెల్లగా జరుగుతుంది. ఇది మామూలు ట్రాలీ షాటా, లేక వాడి చూపా? కొన్నిసార్లు ఫ్రేమ్ అంచు నుంచి వాడి భుజం లోపలికి వస్తుంది, కొన్నిసార్లు రాదు. దానికి తోడు ఆ వెడల్పు ఫ్రేమ్. అమ్మాయి ఒక పక్కన ఉంటే మిగతా తెరంతా ఖాళీ. పొద మలుపు, ఆరేసిన దుప్పట్లు, చీకటి గుమ్మం. ఆ ఖాళీని ప్రేక్షకుడు కళ్లతో జల్లెడ పడుతూనే ఉంటాడు. చివర్లో కథానాయిక లారీ (అమ్మాయి పేరు) గుమ్మం పక్కన ఒరిగి ఏడుస్తున్నప్పుడు, వెనక చీకట్లోంచి తెల్లటి ముసుగు మెల్లమెల్లగా తేలుతుంది. అక్కడ ఎవరూ కదలలేదు, దీపాన్ని కొద్దికొద్దిగా పెంచారు, అంతే. ఇంత చేసిన ఆ సినిమా ఖర్చు మూడు లక్షల డాలర్లకు కాస్త అటూఇటూ.

స్టెడీకామ్ కనిపెట్టిన గారెట్ బ్రౌనే 'ది షైనింగ్' (1980)లో దర్శకుడు కుబ్రిక్ దగ్గర పనిచేశారు. చిన్న డానీ హోటల్ వరండాల్లో మూడు చక్రాల సైకిల్ తొక్కుతుంటాడు, కెమెరా నేలకు అంగుళాల ఎత్తులో వెనకాలే పోతుంది. చెక్క నేల మీద చక్రాలు గరగరమంటాయి, తివాచీ మీద నిశ్శబ్దం, మళ్లీ గరగర. ప్రతి మలుపులోనూ పిల్లాడు ముందు తిరుగుతాడు, కెమెరా ఆ వెంటనే తిరుగుతుంది. ఆ చిన్న ఆలస్యంలో మలుపు అవతల ఏముందో డానీకి తెలుసు, మనకు తెలియదు. సైకో మెట్ల దగ్గర లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ మనకు ముందు తెలుసు, పాత్రకు తెలియదు. రెండు దారులూ ఉత్కంఠకే చేరతాయి, అందుకే "ప్రేక్షకుడికి ముందే తెలియాలి" అన్న నియమాన్ని శిలాశాసనంలా పట్టుకోనక్కర్లేదు.

కెమెరాను ట్రాలీ మీద ఒకవైపు లాగుతూ లెన్స్‌ను మరోవైపు జూమ్ చేసే పద్ధతి గురించి కూడా తరచూ చెబుతారు. హిచ్‌కాక్ 'వర్టిగో' (1958)లో మొదలైంది, 'జాస్' (1975)లో బీచ్ దగ్గర పోలీస్ చీఫ్ ముఖం మీద వాడాక ప్రపంచమంతా పాకింది. అది గొప్ప షాటే, కాకపోతే అది భయపడిన క్షణాన్ని చూపిస్తుంది. 'జాస్'లో భయాన్ని పోగుచేసింది దానికంటే నీటి మట్టానికి దించిన కెమెరా. యాంత్రిక సొరచేప మాటిమాటికీ మొరాయించడంతో స్పీల్‌బర్గ్ నీటి ఉపరితలాన్నే నమ్ముకున్నారు. అలలు లెన్స్‌ను తాకుతుంటే, ఈదేవాళ్ల నడుము కింద ఏముందో కనిపించదు.

ఈ విద్య మన దేశానికి నేరుగా జర్మనీ నుంచే వచ్చింది. మ్యూనిక్ నుంచి వచ్చి బాంబే టాకీస్‌లో స్థిరపడిన కెమెరామన్ జోసెఫ్ విర్షింగ్, కమాల్ అమ్రోహీ 'మహల్' (1949)ను చిత్రీకరించారు. పాడుబడిన భవంతిలో ఊగే దీపాలు, స్తంభాల నీడలు, దూరం నుంచి వినిపించే పాట, అందీ అందని మధుబాల. మన దగ్గర ఆత్మల కథలకు తెల్లచీర, పాట, లాంతరు అన్న బాణీ స్థిరపడటంలో ఆ సినిమా పాత్ర పెద్దది. తెలుగులో కెమెరాయే ఒక పాత్రలా తిరగడం రామ్‌గోపాల్ వర్మతో గట్టిగా మొదలైంది. 'శివ' (1989)లో స్టెడీకామ్‌తో ఛేజింగులు తీసిన అనుభవం, 'రాత్రి' (1992)లో కంటికి కనిపించని దాని చూపుగా మారింది. రేవతి మామూలుగా ఇంట్లో తిరుగుతుంటేనే టెన్షన్ పుట్టడానికి కారణం, ఆమెను చూస్తున్నది ఎవరన్న అనుమానం. ఆ తర్వాత తెలుగు హారర్‌లోకి కామెడీ ఎక్కువగా వచ్చి చేరింది, కెమెరాకు అంత ఓపిగ్గా నిలబడే అవకాశం తగ్గింది. ఇది నష్టమే.

ఇంకో నష్టం చూసే పద్ధతిలో జరుగుతోంది, అది చూసేవాళ్ల చేతుల్లోనే ఉంది. వెడల్పు ఫ్రేమ్‌లో తీసిన 'హాలోవీన్', 'ది ఇన్నొసెంట్స్' లాంటి సినిమాల్ని పాత టీవీల చతురస్రానికి కోసినప్పుడు బొమ్మలో 40 శాతానికి పైగా పోయేది. పోయింది ఖాళీ జాగానే కదా అనుకుంటారు. ఆ ఖాళీలో వెతకడానికే కదా ఆ ఫ్రేమ్ అలా పెట్టింది! ఇప్పటి టీవీల్లో కూడా పైనా కిందా నల్లపట్టీలు ఎందుకని జూమ్ నొక్కితే అదే తప్పు జరుగుతుంది, రెండు పక్కల అంచులూ తెగిపోతాయి. పట్టీలు అలాగే ఉంచాలి. పాత సినిమాను సీరియల్‌లా నున్నగా చేసే మోషన్ సెట్టింగ్ ఆపేయాలి. బ్రైట్‌నెస్ పెంచితే కుండీ, ఫ్రాన్సిస్ చీకట్లో దాచినవి బూడిదరంగులో ముందే బయటపడతాయి, కాబట్టి దాని జోలికి పోకుండా గదిలో లైట్లు తీసేయడం మేలు. ఇన్నొసెంట్స్‌ను ఫోన్‌లో కాకుండా కాస్త పెద్ద తెర మీద చూడగలిగితే, కొలను అవతల నిలబడిన ఆమె కనిపించాల్సినంత చిన్నగా, కనిపించాల్సినంత స్పష్టంగా కనిపిస్తుంది.